‘ది పిట్’ చూశాక అమ్మని అడిగిన ప్రశ్న

పిట్స్‌బర్గ్ అనగానే అమెరికాలో ఉన్న తెలుగు వాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది పెన్ హిల్స్‌లోని వెంకటేశ్వరస్వామి గుడి. 1970ల్లో కట్టిన ఆ గుడికి మా కొలంబస్ నుంచి కారులో మూడు గంటల ప్రయాణం. పెళ్ళయిన కొత్తలో వెళ్ళాం, మా అమ్మాయి పుట్టువెంట్రుకలకి వెళ్ళాం, గ్రీన్ కార్డు వచ్చాక మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళాం. దర్శనం, పులిహోర, తిరుగు ప్రయాణం... ఇరవై ఏళ్ళుగా పిట్స్‌బర్గ్ అంటే మాకు ఇంతే. అదే ఊళ్ళోని ఒక ఆసుపత్రి కథ, అదీ టీవీలో చూసిన కథ, మా ఇంట్లో మూడేళ్ళుగా ఎవరూ ఎత్తని మాటని బయటికి తెస్తుందని నేను అనుకోలేదు.

ఆ సీరియల్ పేరు ‘ది పిట్’. మొదటి సీజన్ 2025 జనవరి 9 నుంచి ఏప్రిల్ 10 దాకా మ్యాక్స్‌లో వచ్చింది. ఆ ఏడాది సెప్టెంబరులో ఉత్తమ డ్రామా సిరీస్‌తో సహా 5 ఎమ్మీ అవార్డులు గెలుచుకుంది. అవార్డులు వచ్చాక గానీ చూడకపోవడం మన అలవాటు కదా! మేము కూడా ఆ సెప్టెంబరులోనే మొదలుపెట్టాం. అప్పుడు మా అమ్మ ఆరు నెలల కోసం మా దగ్గరికి వచ్చి ఉంది. శుక్ర, శనివారాల్లో రాత్రి భోజనాలయ్యాక అమ్మ, నేను, నా శ్రీమతి, పదకొండో క్లాసు చదువుతున్న మా అమ్మాయి – నలుగురం సోఫాలో కూర్చునేవాళ్ళం.

(ఇంకా చూడని వాళ్ళకి ముందే చెబుతున్నాను, ఈ వ్యాసంలో కథ కొంత బయటపడుతుంది.)

ఒక్క డ్యూటీ, పదిహేను గంటలు

కథ చెప్పే పద్ధతి చాలా సులువైనది. మొత్తం 15 ఎపిసోడ్లు. ఒక్కో ఎపిసోడ్ ఒక్కో గంట. ఉదయం 7 గంటలకి డ్యూటీ ఎక్కిన డాక్టర్లు రాత్రి 10 దాకా ఏం చేశారన్నదే కథంతా. ఫ్లాష్‌బ్యాక్ కొన్ని క్షణాలకి మించదు, హీరో ఇల్లు చూపించరు, ప్రేమ పాటలు లేవు. నేపథ్య సంగీతం కూడా దాదాపు లేదు. మానిటర్ల బీప్ శబ్దాలు, స్ట్రెచర్ చక్రాల చప్పుడు, అరుపులు, మధ్యలో ఎవరిదో ఏడుపు. మొదటి రోజు మా అమ్మ పది నిమిషాలు చూసి, “ఇదేం సీరియల్ రా, ఒక్కళ్ళ ముఖం కూడా మూడుసార్లు చూపించట్లేదు!” అంది. మన సీరియల్స్‌లో కోడలు కాఫీ కప్పు కింద పెడితే ఉరుములు మెరుపులు వస్తాయి. ఇక్కడ మనిషి గుండె ఆగిపోయినా ఉరుము లేదు. ఆ నిశ్శబ్దమే ఎక్కువ భయపెట్టింది.

ముఖ్య పాత్ర డాక్టర్ రాబీ. వేసినది నోవా వైలీ. ఈ పేరు మా వయసు వాళ్ళకి కొత్త కాదు. 1994 నుంచి 2009 దాకా 15 సీజన్లు నడిచిన ‘ఈ.ఆర్.’లో కుర్ర డాక్టర్ కార్టర్ ఇతనే. 2001లో నేను మాస్టర్స్ కోసం ఈ దేశం వచ్చినప్పుడు అపార్ట్‌మెంట్‌లో నలుగురం రూమ్మేట్లం. గురువారం రాత్రి పది గంటలకి ఎవరో పారేసిన టీవీలో ‘ఈ.ఆర్.’ చూసేవాళ్ళం. మెడికల్ పదాలు ఒక్కటీ అర్థమయ్యేవి కావు, కానీ అమెరికా యాస చెవికి పట్టించుకోవడానికి అదే మా కోచింగ్ సెంటర్. అప్పుడు తడబడే విద్యార్థిగా మొదలైన మనిషి ఇప్పుడు గడ్డం నెరిసి, కుర్రవాళ్ళకి పాఠాలు చెబుతుంటే, మన వయసు కూడా ఎదురుగా వచ్చి కూర్చున్నట్టు అనిపించింది.

నేను ఐటీ మనిషిని. ప్రొడక్షన్ సర్వర్ పడిపోతే అర్ధరాత్రి లేచి ‘సివియారిటీ వన్’ అని గగ్గోలు పెట్టే ఉద్యోగం. ఈ సీరియల్ చూశాక ఆ మాట వాడటానికి కొంచెం సిగ్గేసింది. బయట వెయిటింగ్ రూమ్ కిక్కిరిసి ఉంటుంది. లోపల వైద్యం అయిపోయిన వాళ్ళకి పై అంతస్తుల్లో బెడ్లు లేక ఇక్కడే పడి ఉంటారు. పై అధికారి గ్లోరియా వచ్చి పేషెంట్ల తృప్తి మార్కులు తగ్గాయని రాబీని నిలదీస్తుంది. గంటల తరబడి కూర్చుని విసిగిపోయిన ఒక రోగి చివరికి బయట నిలబడి ఉన్న హెడ్ నర్స్ డేనా ముఖం మీద గుద్దుతాడు. డేనాగా వేసిన కేథరిన్ లనాసాకి, రాబీగా వేసిన నోవా వైలీకి ఎమ్మీలు ఊరికే రాలేదు.

మన పిల్లలు చూడాల్సిన ఇద్దరు

ఈ బృందంలో ఇద్దరి గురించి మన ఇళ్ళలో తప్పకుండా మాట్లాడుకోవచ్చు. ఒకరు డాక్టర్ సమీరా మోహన్ (సుప్రియా గణేష్). ఒక్కో రోగి దగ్గర కూర్చుని మొత్తం విని గానీ లేవదు. అందుకని తోటి వాళ్ళు ‘స్లో–మో’ అని పేరు పెడతారు. సికిల్ సెల్ జబ్బుతో నొప్పి భరించలేక అరుస్తున్న ఒక నల్లజాతి స్త్రీని మందులకి అలవాటు పడిన మనిషిలా చూస్తుంటే, ఆమె మాట నమ్మి, సరైన మందు ఇప్పించేది సమీరానే. అదే సమీరా సాయంత్రం పెద్ద ప్రమాదం వచ్చిపడ్డప్పుడు అందరికన్నా చురుగ్గా చేస్తుంది. నిదానం వేరు, చేతకానితనం వేరు అని ఆ పాత్ర చూస్తే తెలుస్తుంది.

రెండోది విక్టోరియా జావాది. ఇరవై ఏళ్ళకే మెడికల్ కాలేజీలో మూడో సంవత్సరం! తల్లి అదే ఆసుపత్రిలో పేరున్న సర్జన్. కూతురు కూడా సర్జరీలోకే రావాలని పట్టు. మొదటి గంటలోనే జావాది ఒక గాయం చూసి కళ్ళు తిరిగి పడిపోతుంది. మా అమ్మాయి పగలబడి నవ్వింది. తర్వాత ఎందుకో నవ్వు ఆపి నా వైపు చూసింది. మా ఇంట్లో కూడా బీఎస్–ఎండీ ప్రోగ్రాముల స్ప్రెడ్‌షీట్ ఒకటి ఉంది. తయారు చేసింది నేనే. రంగులు కూడా వేశాను.

“డాడీ, ఆ స్ప్రెడ్‌షీట్‌లో నా కాలమ్ ఏది?” అని అడిగింది.

ఆ రాత్రి దానికి నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆ ఫైల్ తనకే పంపి, ఏ వరస ఉంచాలో ఏది తీసెయ్యాలో నువ్వే చూసుకో అన్నాను. కొన్ని తీసేసింది, కొన్ని ఉంచింది.

ఇంకో చిన్న సంగతి. మొదటి ఎపిసోడ్‌లో ఎవరో రైలు పట్టాల మీదికి తోసేసిన ఒక స్త్రీని తీసుకొస్తారు. ఆమె ఏ భాష మాట్లాడుతోందో ఎవరికీ తెలియదు. నేపాలీ అని తేలాక దుభాషి సాయంతో మాట్లాడతారు. మన అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు అస్వస్థత వస్తే మనం ఏం చేస్తాం? పన్నెండేళ్ళ పిల్లని పక్కన నిలబెట్టి, “నానమ్మకి ఎక్కడ నొప్పో చెప్పు” అంటాం. అక్కర్లేదండీ! ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఇంగ్లీషు రాని వాళ్ళకి ఉచితంగా దుభాషిని ఏర్పాటు చెయ్యాలని చట్టం ఉంది. ‘తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి’ అని అడగండి. క్యాన్సర్ అన్న మాట నానమ్మకి చెప్పాల్సిన భారం మనవరాలి మీద పెట్టకూడదు.

చరిత్ర కూడా ఉంది. ఒక ముసలి రోగి తాను ‘ఫ్రీడమ్ హౌస్’ అంబులెన్స్‌లో పని చేశానని చెబితే కుర్ర డాక్టర్లు నోరు తెరుచుకుని వింటారు. ఇది కల్పన కాదు. 1967లో పిట్స్‌బర్గ్‌లోని హిల్ డిస్ట్రిక్ట్‌లో నల్లజాతి యువకులకి శిక్షణ ఇచ్చి మొదలుపెట్టిన ఈ సర్వీసు అమెరికాలోనే తొలి పారామెడిక్ దళాల్లో ఒకటి. అంతకుముందు చాలా చోట్ల ‘అంబులెన్స్’ అంటే మనిషిని ఎక్కించుకుని పోవడమే, దారిలో వైద్యం ఉండేది కాదు. 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 మొదలైనప్పుడు మన ఊళ్ళలో వచ్చిన మార్పు గుర్తున్న వాళ్ళకి దీని విలువ వెంటనే అర్థమవుతుంది.

నాలుగో గంట

ఇక అసలు విషయానికి వస్తాను.

స్పెన్సర్ అని ఒక పెద్దాయన. వృద్ధాశ్రమం నుంచి తీసుకొస్తారు. ఊపిరితిత్తులకి ఇన్ఫెక్షన్, శ్వాస అందట్లేదు. తనకి గొట్టం వెయ్యొద్దు, యంత్రాల మీద బతికించొద్దు అని ఆయన ముందే కాగితం మీద రాసి పెట్టుకున్నాడు. కొడుకూ కూతురూ వస్తారు. ఇద్దరూ చెడ్డవాళ్ళు కాదు. తండ్రిని వదులుకోలేక, ఆయన రాసిన కాగితాన్ని పక్కన పెట్టి, గొట్టం వెయ్యమంటారు. రాబీ నచ్చజెప్పి చూస్తాడు. కుదరక వేస్తాడు. కాసేపటికి ఆ స్థితిలో తండ్రిని చూసి ఇద్దరికీ తెలిసొస్తుంది. గొట్టం తీసెయ్యడానికి ఒప్పుకుంటారు. అప్పుడు రాబీ తన గురువు నేర్పిన ఒక పద్ధతి చెబుతాడు. హవాయి దీవుల ఆచారం, ‘హోఓపొనోపొనో’ అంటారు. వెళ్ళిపోతున్న మనిషితో నాలుగు సంగతులు చెప్పాలి: ప్రేమ ఉందని, కృతజ్ఞత ఉందని, నిన్ను క్షమించానని, నన్ను క్షమించమని.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు. అందుకని ప్రతి ఎపిసోడ్‌కీ అనువాదం డ్యూటీ నాదే. ఆ రోజు కూడా “ఆ ముసలాయనకి ఏమయిందిరా? ఆ పిల్లలు డాక్టర్‌తో ఎందుకు గొడవపడుతున్నారు?” అని అడుగుతూ ఉంది. నేను చెబుతూ వచ్చాను. “ఆయన వద్దని రాశాడమ్మా. పిల్లలు వినట్లేదు.” అంతవరకు చెప్పగలిగాను. ఆ తర్వాత నోట మాట రాలేదు. రిమోట్ తీసుకుని ఆపేశాను.

కారణం మా ఇంట్లో అందరికీ తెలుసు. 2022లో మా నాన్న తెనాలిలో జబ్బుపడ్డారు. లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు, 79 ఏళ్ళు. కిడ్నీలు అప్పటికే సరిగ్గా లేవు, మీద నిమోనియా. ఐసీయూ బయటి నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. మాకు రాత్రి రెండు గంటలు. “అన్నయ్యా, వెంటిలేటర్ పెట్టమంటారా వద్దా అని డాక్టర్ గారు అడుగుతున్నారు. పెట్టినా లాభం తక్కువే అంటున్నారు. ఏం చెప్పను?”

నేను ఒక్క సెకను కూడా ఆలోచించలేదు. “చెయ్యాల్సిందంతా చెయ్యమను. డబ్బు గురించి ఆలోచించొద్దు. నేను వచ్చేదాకా ఆయన ఉండాలి” అన్నాను.

మూడో రోజుకి చేరాను. గొట్టం లాగేసుకోకుండా నాన్న చేతులు రెండూ మంచానికి మెత్తటి గుడ్డతో కట్టి ఉన్నాయి. కళ్ళు తెరిచారు, నన్ను గుర్తుపట్టారు. ఏదో చెప్పాలని చూశారు. గొంతులో గొట్టం ఉంటే ఏం చెబుతారు? మరో ఎనిమిది రోజులు అలాగే ఉండి పోయారు. ఆసుపత్రి వాళ్ళని నేను ఏమీ అనను. నేను అడిగిందే వాళ్ళు చేశారు. కానీ అంతకు రెండేళ్ళ ముందు వీడియో కాల్‌లో నాన్న ఒక మాట అన్నారు. పక్కింటి పెద్దాయన పోయిన సంగతి చెబుతూ, “నన్ను మాత్రం మిషన్లకి కట్టెయ్యొద్దు రా” అన్నారు. “ఇప్పుడా మాటలెందుకు నాన్నా” అని నేను టాపిక్ మార్చేశాను. ఫోన్ వచ్చిన ఆ రాత్రి ఆ మాట నాకు గుర్తుంది. గుర్తుండి కూడా పెట్టమన్నాను.

ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు సోఫాలో అమ్మకి చెప్పాను. స్పెన్సర్ కథ అనువాదం చెయ్యబోయి నాన్న కథ చెప్పేశాను.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “నాకూ చెప్పారు రా. నాకు పది సార్లు చెప్పారు. నువ్వు దూరం నుంచి వస్తున్నావని నేనూ నోరెత్తలేదు” అంది.

మూడేళ్ళుగా నేనొక్కడినే మోస్తున్నానని అనుకున్న బరువు ఆవిడ కూడా మోస్తూనే ఉంది. ఒకే ఇంట్లో ఉండి కూడా ఒకరికొకరు చెప్పుకోలేదు.

అప్పుడు అడిగాను, ఎప్పుడూ అడగని ప్రశ్న. “మరి నీకు ఎలా కావాలమ్మా?”

అమ్మ తడుముకోలేదు. ఎప్పటి నుంచో సిద్ధంగా పెట్టుకున్న జవాబులా చెప్పింది. “నయమయ్యే జబ్బయితే వైద్యం చేయించండి, నేనేం వద్దనను. నయం కాదని డాక్టర్ చెబితే నొప్పి లేకుండా చూడండి. మీ ఇద్దరిలో ఒకడు దగ్గరుంటే చాలు. ఒరేయ్, నువ్వు విమానం దిగేదాకా నన్ను ఆపి ఉంచొద్దు. నువ్వు రాలేకపోతే నేనేం అనుకోను.”

నా శ్రీమతి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మా అమ్మాయి వెళ్ళి నానమ్మ పక్కన కూర్చుంది.

ఆ చివరి మాట మనందరి కోసం అన్నట్టే ఉంది. ‘అమెరికా అబ్బాయి వచ్చేదాకా’ అన్న మాట మన ఊళ్ళలో ఎన్ని ఐసీయూల ముందు వినపడుతుందో మీకు తెలుసు. మన టికెట్ కోసం, మన సెలవు కోసం, మన మనశ్శాంతి కోసం ఆ మంచం మీద మనిషి ఆగాల్సి వస్తుంది. మనం దాన్ని ప్రేమ అనుకుంటాం. ప్రేమే, కాదనను. కానీ ఆ ప్రేమ ఖరీదు పడుకుని ఉన్న మనిషి కడుతున్నారు.

కాగితం పని

భారతదేశంలో ఇలాంటి కోరిక రాసి పెట్టుకోవడానికి చట్టబద్ధమైన దారి ఉంది. సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న ‘లివింగ్ విల్’ను గుర్తించింది. మొదట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలనేవారు, అది కష్టమైపోయింది. 2023 జనవరి 24న ఆ నిబంధన సడలించారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ గానీ గెజిటెడ్ అధికారి గానీ ధ్రువీకరిస్తే చాలు. తన తరఫున నిర్ణయం తీసుకునే దగ్గరి వాళ్ళ పేర్లు అందులో రాయొచ్చు. వైద్యం ఆపడానికి ముందు ముగ్గురేసి డాక్టర్లతో రెండు బోర్డులు పరిశీలించాలి కాబట్టి, ఒక్కరి తొందరపాటుతో జరిగేది కాదు.

అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ దీని ఫారం వేరుగా ఉంటుంది, ఉచితంగానే దొరుకుతుంది. ఇది పెద్దవాళ్ళకే అనుకోవద్దు. పిల్లలకి 18 నిండాక వాళ్ళ వైద్యం విషయంలో తల్లిదండ్రులకి ఇదివరకటి హక్కులు ఉండవు. కాలేజీకి పంపేటప్పుడు దుప్పటి, రైస్ కుక్కర్‌తో పాటు ఆ హెల్త్ కేర్ పవర్ ఆఫ్ అటార్నీ కాగితం కూడా సర్దండి. మేము ముగ్గురం మావి రాసుకోవడానికి ఫారాలు తెచ్చుకున్నాం. మా అమ్మాయికి ఇంకా వయసు రాలేదు, అయినా కూర్చుని మొత్తం చదివింది.

అమ్మ ఇండియా వెళ్ళాక తమ్ముడు దగ్గరుండి తెనాలిలో కాగితం రాయించాడు. సాక్షిగా వచ్చిన మా బాబాయి, “ఇవేం పనులు వదినా, శుభమా అని!” అని గొణిగారట. సంతకం పెట్టి, కాఫీ తాగి, పోయేటప్పుడు “ఆ ఫారం ఎక్కడ దొరికిందిరా” అని తమ్ముణ్ణి అడిగారట.

మిగతా సీజన్

మళ్ళీ సీరియల్‌కి వస్తే, చివరి నాలుగు గంటలు ఊపిరి తీసుకోనివ్వవు. ఊళ్ళో సంగీతోత్సవంలో కాల్పులు జరిగి గాయపడ్డ వాళ్ళు వరదలా వస్తారు. కోవిడ్ రోజుల్లో రాబీ గురువు ఇదే ఆసుపత్రిలో చనిపోయిన తేదీ కూడా అదే. పొద్దున్నుంచి ఆ బాధని అణిచిపెట్టుకున్న రాబీ చివరికి పిల్లల గదిలో, గోడ మీద జంతువుల బొమ్మల కింద, నేల మీద కూలబడి ఏడుస్తాడు. అందరికీ ధైర్యం చెప్పే మనిషికి కూడా ఒకరు కావాలన్నది ఇంతకన్నా బాగా ఎవరూ చూపించలేదు.

లోపాలు లేకపోలేదు. ఒక్క రోజులో ఇన్ని అరుదైన కేసులా అని డాక్టర్లు కాని మనకే అనుమానం వస్తుంది. కొన్ని చోట్ల పాత్రలు మాట్లాడుతున్నాయా, ఆరోగ్య శాఖ కరపత్రం చదువుతున్నాయా అనిపిస్తుంది. సహచర డాక్టర్ లాంగ్‌డన్ మందుల దొంగతనం కథ కొంచెం హడావిడిగా తేల్చేశారు. అయినా పదిహేను గంటలూ ఒక్క నిమిషం కూడా వృథా అనిపించలేదు. రెండో సీజన్ 2026 జనవరిలో మొదలైంది.

పిల్లల విషయంలో ఒక మాట. ఇది పెద్దల కోసం తీసినది. రక్తం, బూతులు, శస్త్రచికిత్సలు ఉన్నది ఉన్నట్టు చూపిస్తారు. హైస్కూల్ దాటని పిల్లలతో అయితే పక్కన కూర్చుని చూడండి. ఫెంటానిల్ కలిసిన మాత్ర వేసుకుని మెదడు చచ్చిపోయిన కాలేజీ కుర్రవాడి కథ మాత్రం పెద్ద పిల్లలు చూడాలి. అతని అవయవాలు ఇవ్వడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నాక, స్టాఫ్ అంతా వసారాకి రెండు వైపులా నిశ్శబ్దంగా నిలబడి అతన్ని సాగనంపుతారు. మా ఇంట్లో ఆ దృశ్యానికి అనువాదం అవసరం పడలేదు.

పోయేముందు అమ్మ పిట్స్‌బర్గ్ గుడికి తీసుకెళ్ళమంది. దర్శనం అయింది, పులిహోర తిన్నాం. తిరిగి కారెక్కుతూ, “ఆ ఆసుపత్రి ఈ ఊళ్ళోదేగా, చూపిస్తావా?” అంది. కథలోది నిజం ఆసుపత్రి కాదమ్మా, బయటి దృశ్యాలు మాత్రం ఇక్కడి అలెఘేనీ జనరల్ ఆసుపత్రి దగ్గర తీశారు అని చెప్పి, దారి మళ్ళించి దాని ముందు నుంచి పోనిచ్చాను. అమ్మ కిటికీలోంచి చూసింది. “పాపం, ఆ గడ్డం డాక్టర్ ఇంటికెళ్ళి అన్నం తిన్నాడో లేదో” అంది.